దిష్టిబొమ్మ వెనకాల

జోగారావు అన్నం తినేటప్పుడు కంచంలోకి కూడా చూడడు. చూపు కంచం మీద వాలుతుంది, వెంటనే లేచి మంచినీళ్ళ గ్లాసు మీదికి పోతుంది, అక్కణ్ణుంచి గోడకి, గోడ నుంచి ఫ్యానుకి. ఇంట్లోకి దూరిన పిచ్చుకకి బయటికి దారి దొరకనట్టు ఎక్కడా నిలవదు. పప్పులో వేసుకోవలసిన నెయ్యి మజ్జిగ పులుసులో వేసుకుని, తేడా తెలియకుండా తినేసిన రోజులున్నాయి.

కూతురు లాస్య దీన్నొక ఆట చేసుకుంది. తండ్రికి ఎదురుగా నిలబడి, ఆయన చూపు ఎటు పోతే అటు తన ముఖం పెట్టేది.

"దొరికావు నాన్నా! అబ్బా, మళ్ళీ పారిపోయావు."

"ఎల్లి కూకోయే గుంటా. ఆణ్ణి అన్నం తిన్నీ," అనేది నాయనమ్మ వరహాలమ్మ. "పొద్దల్లా ఆ అద్దాలెట్టుకుని తిరుగుతాడేమో, ఆడి కళ్ళకి నీరసం వచ్చీసింది."

నీరసం కాదని ఇందుమతికి తెలుసు. ఆ అద్దాలు తయారుచేసింది ఆవిడ పనిచేసే కంపెనీయే.

ఇప్పుడు ఏ పెద్ద బిల్డింగయినా నేల మీద లేవకముందే కంప్యూటర్లో పూర్తిగా లేచి ఉంటుంది. ప్రతి స్తంభం, ప్రతి బీమ్, ప్రతి గొట్టం, అన్నిటికీ ఒక నంబరు. సైట్లో ఇంజనీరు అద్దాలు పెట్టుకుని నడుస్తుంటే ఆ నమూనా వచ్చి అసలు బిల్డింగ్ మీద పరుచుకుంటుంది. ఆయన దేని దగ్గరైనా మూడు సెకన్లు ఆగి చూస్తే చాలు, ఎవరు, ఎక్కడ నిలబడి, ఎటు తిరిగి, ఏ నంబరుని చూశారో ఒక వ్యూపాయింట్‌గా నమోదైపోతుంది. సైట్లో వాటిని 'చూపులు' అంటారు. లోపం కనిపిస్తే అక్కడే వేలితో తాకి ఫిర్యాదు పోస్ట్ చేయవచ్చు. ఎవరూ ఏదీ దాచలేరని, కట్టడాలు భద్రంగా ఉంటాయని, మొదట్లో అందరూ సంతోషించారు.

తర్వాత రూలు వచ్చింది. ఒకదాన్ని చూసి ఫిర్యాదు చేయకపోతే, అది బాగుందని సంతకం పెట్టినట్టే.

ఆ రూలు వచ్చాక సైట్లలో ఇంజనీర్ల నడక మారిపోయింది. దేనిమీదా మూడు సెకన్లు చూపు నిలపకుండా రోజంతా తిరగడం నేర్చుకున్నారు. సాయంత్రం అద్దాలు తీసేసినా అలవాటు పోలేదు. జోగారావు కూడా అలాగే ఇంటికొచ్చేవాడు. భార్య కొత్త చీర కట్టుకుంటే రంగు చెప్పలేడు. లాస్యకి ముందు పన్ను ఊడి, మళ్ళీ మొలిచిన సంగతి కూడా ఆయనకి ఫొటోలో తెలిసింది.

ఒక్కసారి మాత్రం ఆయన చూపు నిలవడం ఇందుమతి గమనించింది. నిరుడు శ్రావణమాసంలో పూర్ణా మార్కెట్ నుంచి కారు డిక్కీ నిండా దిష్టిబొమ్మలు తెచ్చాడు. కోరలు, ఎర్రటి నాలుక, బయటికి పొడుచుకొచ్చిన గుడ్లు. డిక్కీ తెరిచిన లాస్య కెవ్వుమంది. వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది.

"సింహాద్రి అప్పన్న కొండెక్కమంటే మోకాళ్ళ నొప్పులనీవోడివి, ఇన్నాళ్ళకి బుద్దొచ్చిందేట్రా నానా!"

"సైట్ కోసమే అమ్మా. కూలోళ్ళు అడుగుతున్నారు."

అంటూనే ఒక బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. దాని ముఖంలోకి చూశాడు. రెప్ప వేయకుండా, హాయిగా, చాలాసేపు. బరువు దించుకున్న మనిషి గట్టు మీద కూర్చున్నట్టుంది ఆ చూపు. ఇందుమతికి ఎందుకో ఆ బొమ్మ మీద అసూయ కలిగింది. వెంటనే నవ్వూ వచ్చింది.

మధురవాడ దాటాక సాగరకాంతి టవర్స్‌లో ఒక మధ్యాహ్నం పెద్ద బీమ్ విరిగి పైఅంతస్తు శ్లాబు కూలింది. బీమ్ నీడలో కూర్చుని అన్నం తింటున్న ఇద్దరు పోయారు. శ్రీకాకుళం వైపు నుంచి కాంక్రీటు మోయడానికి వచ్చిన అప్పలనరసమ్మ, ఆమె మరిది తవిటయ్య. ఆ సైట్‌కి పెద్ద ఇంజనీరు జోగారావు. కూలినప్పుడు మీటింగ్ గదిలో ఉన్నాడు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, టీవీ ముందు కూర్చున్నాడు. తెరమీద ఆ శిథిలాలు మళ్ళీ మళ్ళీ చూపిస్తుంటే ఆయన కళ్ళు తెర అంచుల చుట్టూ తిరిగాయి.

విచారణ కమిటీ వేశారు. జోగారావుకి నోటీసు వచ్చింది. కమిటీ నుంచి ఇందుమతి ఆఫీసుకి ఒకే ఒక వాక్యం వచ్చింది. కూలిన బీమ్‌ను చూసినవారి వ్యూపాయింట్ రికార్డులన్నీ తీసి సమర్పించవలసింది.

"నేను తియ్యకూడదు సార్, మా ఆయన సైటు," అంది ఇందుమతి డైరెక్టర్ ప్రభుదాస్‌తో.

"తెలుసమ్మా. ఆ పాత వెర్షన్ ఏపీఐ రాసింది మీరు. ఇంకెవరికీ దాని తలా తోకా తెలీదు. మీ ఆయన సంగతి కమిటీకి కూడా చెప్పాను. రికార్డు తియ్యడమే కదా, రాయడం కాదు కదా అన్నారు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మిషన్‌కి మొగుడూ పెళ్ళాం ఉండరు కదమ్మా."

ఏపీఐ అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే ఇందుమతి రేషన్ షాపు కిటికీ అని చెప్పేది. లోపల గోదాములో ఏమున్నాయో నీకు కనిపించదు. కిటికీలో చెయ్యి పెట్టి ఏది అడుగుతావో అదే చేతికొస్తుంది. అడగనిది రాదు.

సైట్ పేరు, అంతస్తు, బీమ్ నంబరు ఇచ్చి అడిగింది. వరసలు దిగాయి. ఒక్కొక్క పేరూ వేలుపెట్టి చదువుకుంటూ పోయింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది. జోగారావు పేరు లేదు. సీసాలో నీళ్ళు తాగింది. 

ఆ తర్వాతే, ఎవరి పేరు ఉందో చూసింది.

కాంక్రీటు పోసిన కొత్తలో సర్వేవాళ్ళవి ఏవో కొన్ని ఉన్నాయి. ఆ తర్వాతివన్నీ ఒకే మనిషివి. గౌరీప్రియ, గౌరీప్రియ, గౌరీప్రియ.

క్వాలిటీ ఇంజనీరు గౌరీప్రియ. పార్వతీపురం అమ్మాయి. లాస్య పుట్టినరోజుకి వచ్చి, వంటింట్లోకి దూరి, "అక్కా, లెగు, నీకు బూర్లు గుండ్రంగా రావటం లేదు," అని చట్టి ముందు కూర్చున్న పిల్ల. తమ్ముడి కొడుక్కి చేసుకుందామని వరహాలమ్మ ఆ సాయంత్రమంతా ఆమె ఎత్తూ లావూ కళ్ళతోనే కొలిచింది.

ఇందుమతి ఒక వ్యూపాయింట్ తెరిచింది. తెరిస్తే గౌరి నిలబడ్డచోట మనం నిలబడతాం. గౌరి కళ్ళతో చూస్తాం. బిల్డింగ్ మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. నమూనాలో లేనిదేదైనా, మనుషులు, సిమెంటు గమేళాలు, కుక్కలు, సంచులు, అన్నీ బూడిదరంగు మసకగా ఉంటాయి. మనుషుల ముఖాలు రికార్డు చేసే హక్కు మనకి లేదని మొదటి రోజుల్లో పోట్లాడి ఆ మసక పెట్టించింది ఇందుమతే. అందుకు ఆఫీసులో శాలువా కూడా కప్పారు.

బీమ్ కనిపించింది. దాని మధ్యలో గుండ్రటి మసక ఒకటి. చెయ్యి ఆకారంలో ఉన్న ఇంకో మసక దాన్ని పక్కకి లాగి పట్టుకుంది. లాగినచోట, కాంక్రీటులో, వేలు పట్టేటంత పగులు. పక్కన మనిషెత్తు మసక ఒకటి నిలబడి ఉంది. కింద స్తంభం మొదట్లో రెండు మసకలు ముద్దల్లా కూర్చుని, ముందుకు వంగి ఉన్నాయి. అన్నం తినే మనిషి అలాగే వంగుతాడు.

ఇందుమతి తెర మూసేసింది.

ఆదివారం మధ్యాహ్నం గౌరీప్రియ ఇంటికొచ్చింది. జోగారావు లాయర్ని కలవడానికి వెళ్ళాడు.

"ఏటే గుంటా, అలా ఎండిపోనావు? అన్నం తిన్నావేటి?" అంది వరహాలమ్మ.

"తిన్నానమ్మమ్మా."

"నీ మొకం చెప్తంది తిన్నావో లేదో. ఉండు, ఒడ్డించుకొస్తాను."

ఆవిడ లోపలికెళ్ళాక గౌరి సోఫా అంచున కూర్చుంది. "నా పేరే వచ్చిందంట కదక్కా."

"రికార్డుల గురించి నేను మాట్లాడకూడదు గౌరీ."

"నువ్వు మాట్లాడకు. విను, చాలు." చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "బొమ్మ గాలికి ఊగితే వెనకాల ఏదో గీతలా కనపడింది. నిచ్చెనేసుకుని చూశాను. సార్‌ని తీసుకెళ్ళి, బొమ్మ పక్కకి లాగి చూపించాను. పోస్ట్ చేసేస్తాను సార్ అన్నాను. 'వద్దమ్మా, పోస్ట్ చేస్తే టవరు మొత్తం ఆగిపోద్ది. డిజైన్ వాళ్ళతో నేను మాట్లాడతాను, రెండ్రోజులు ఆగు,' అన్నారు. సార్ కదా, ఆగాను. మనసొప్పక మళ్ళీ వెళ్ళి చూశాను. పెరిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆగమన్నారు. కింద కూర్చోవద్దని కూలోళ్ళకి చెప్తే, ఎండలో తినమంటావేటమ్మా అని అప్పలనరసమ్మ నామీద నవ్వింది."

ఇందుమతి లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు సంతకం పెట్టినట్టంట. భయపడి చూసినా, బాగుందని చూసినట్టేనంట. అసలు వెళ్ళకుండా ఇంట్లో పడుకుంటే నాకేమీ అయ్యేది కాదు కదక్కా?" చున్నీ సర్దుకుంది. "సార్ నా పక్కనే నిలబడ్డారు. నేను చూపిస్తే చూశారు. అప్పుడు ఆయన అద్దాల్లోనూ పడాలి. అదొక్కటీ వెతుకు. లేనిది పుట్టించమనటం లేదు. ఉన్నది తియ్యి. లేకపోతే నన్ను జైల్లో పెడతారు. మా నాన్న తట్టుకోలేడు."

వరహాలమ్మ కంచం తెచ్చి చేతిలో పెట్టింది. వంకాయ కూర, ఆవకాయ. గౌరి తల వంచుకుని ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, కంచం తానే కడిగి బోర్లించి వెళ్ళింది.

"మంచి గుంట," అంది వరహాలమ్మ తలుపేస్తూ. "ఏటి చేస్తాం, మనోడికి చుట్టుకోకుంటే చాలు."

మర్నాడు ఇందుమతి ఏపీఐ కిటికీలో ప్రశ్న మార్చి వేసింది. బీమ్ నంబరు తీసేసి, మనిషి పేరు ఇచ్చింది. జోగారావు చూపులు వచ్చాయి. పెద్ద సైటు మొత్తానికి పిడికెడు. ఏదో ఒక తలుపు, ఏదో ఒక మెట్టు. బీమ్ లేదు. నిజంగా లేదు. గౌరి అబద్ధం చెప్పిందనుకోడానికి ఇందుమతి ఒక నిమిషం గట్టిగా ప్రయత్నించింది.

అప్పుడు తను రాసిన జల్లెడ ఒకటి గుర్తొచ్చింది.

కన్ను ఆగిన ప్రతిసారీ మిషన్ వరస రాస్తుంది. కానీ ఆగింది నమూనాలో లేని వస్తువు మీదైతే, దానికి నంబరుండదు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటుంది. కాకిని చూసినవి, ఆకాశాన్ని చూసినవి, వస్తున్న లారీని చూసినవి. ఆ ఖాళీ వరసలు ఎవరికి కావాలి? చెత్త. ఎవరు అడిగినా బయటికి రాకుండా ఇందుమతే వాటిని జల్లించేసింది. పనికిరాని వాటికి లెక్క కూడా ఎందుకని, వాటిని ఎవరు తీశారో నమోదయ్యే ఏర్పాటు సైతం పెట్టలేదు.

జల్లెడ తీసేసి అడిగింది.

జోగారావు పేరుతో వరసలు వాన కురిసినట్టు కురిశాయి. గడి ఖాళీ, గడి ఖాళీ, గడి ఖాళీ. ఎవరి చూపు ఎక్కడా నిలవదో ఆ మనిషి, గంటలకొద్దీ నిలిపి చూస్తూనే ఉన్నాడు. వేటిని?

ఒక్కొక్క వరసనీ నమూనాలో పెట్టి, ఆయన నిలబడ్డచోటి నుంచి చూసిన వైపుకి గీత లాగింది. గీతలు చెదిరిపోలేదు. లిఫ్టు గొయ్యి అంచు దగ్గర కొన్ని కలిశాయి. మెట్ల మలుపు దగ్గర కొన్ని. అన్నిటికంటే ఎక్కువ ఆ పెద్ద బీమ్ నడిమధ్య, గుండ్రటి మసక ఉన్నచోట కలిశాయి. మిగతా ఇంజనీర్ల ఖాళీ వరసలూ తీసింది. వాళ్ళ గీతలూ అక్కడికే వచ్చి చేరాయి.

కారు డిక్కీ కళ్ళముందు కదిలింది. కోరలు, ఎర్రటి నాలుక, గుడ్లు.

సైట్లో దిష్టిబొమ్మ కడితే ఎవరికి అనుమానం వస్తుంది? ఈ దేశంలో బొమ్మ కట్టని బిల్డింగ్ ఉందా? దానికి నంబరు లేదు. దాన్ని చూస్తే చూసినట్టు కాదు. చూడకూడనిది ఎక్కడుందో అక్కడ ఒక బొమ్మ కట్టారు. రోజంతా ఎక్కడా నిలవనివ్వని కళ్ళని దాని మీద నిలుపుకున్నారు. బయటివాళ్ళ కళ్ళు ఇంటి మీద పడకుండా కట్టే బొమ్మని, తమ కళ్ళు పడకుండా కట్టుకున్నారు.

గౌరి బొమ్మని పక్కకి లాగిన రోజు, ఆ క్షణం కోసం ఇందుమతి వెతికింది. జోగారావు వరస ఉంది. ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. పేరులేని ఆ మనిషెత్తు మసక ఆయనే. గీత లాగింది. గీత పగులు మీదికి పోలేదు. గౌరి బొమ్మని ఎటు జరిపిందో, ఆయన చూపు బొమ్మతోపాటు అటే జరిగింది.

ఇందుమతి రెండు చేతుల్తో ముఖం కప్పుకుని కూర్చుంది. పగులు కనిపించని మనిషి దాన్ని తప్పించుకుని బొమ్మ వెంట వెళ్ళడు.

జోగారావు కారు నడపడం మానేసి కొన్ని నెలలైంది. రోడ్డు మీద చూపు నిలవదు. రోజూ ఇందుమతే ఆయన్ని దింపి ఆఫీసుకి వెళుతుంది. హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడింది.

"బొమ్మలు ఎవరు కట్టించారు?"

"ఏ బొమ్మలు?"

"పూర్ణా మార్కెట్‌వి."

ఆయన కారు కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. "నేనొక్కణ్ణేనా? అన్ని సైట్లలోనూ కడుతున్నారు."

"గౌరి మీకు చూపించిందా, లేదా?"

"చూడకమ్మా అని మొదటిరోజే చెప్పాను ఆ పిల్లకి. కూతురికి చెప్పినట్టు చెప్పాను. విన్లేదు. నేనేం చెయ్యను?"

"డిజైన్ వాళ్ళకి ఫోన్ చేస్తానన్నారట."

"చేద్దామనే అనుకున్నాను."

వెనక ఎవరో హారన్ కొట్టారు. ఇందుమతి కారు ముందుకు కదిపింది.

"మాతో పనిచేసిన శ్రీధరమూర్తి గుర్తున్నాడా నీకు? చూశాడు, పోస్ట్ చేశాడు. ఆ తర్వాత ఒక్క కంపెనీ పిల్చిందా? గాజువాకలో మేకులమ్ముకుంటున్నాడు."

"ఇద్దరు చచ్చిపోయారండీ."

"వాళ్ళక్కడ కూర్చున్నట్టు నాకు కనపళ్ళేదు ఇందూ. ఒట్టు." సీటు బెల్టు సర్దుకుని, "మనుషుల్ని మసక చెయ్యమన్నది నువ్వే కదా," అన్నాడు.

మసక రికార్డులోనే. అద్దాల్లో మనుషులు మామూలుగానే కనిపిస్తారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆయన అబద్ధం ఆడటం లేదని ఇందుమతికి అనిపించింది. 

"ఏం చేస్తావు?"

"ఏమో."

"వాళ్ళేమడిగారో అదివ్వు. అంతకుమించి నిన్నెవరూ అడగలేదు. నేను జైల్లో కూర్చుంటే అమ్మేమైపోద్ది? పోనీ, లాస్య ముఖమన్నా చూడు."

"మీరెప్పుడు చూశారు?"

ఆ మాటకి ఆయన తల తిప్పి భార్య వైపు చూశాడు. రెండు సెకన్లుంటుందేమో. అంతే. చూపు డాష్‌బోర్డు మీదికి జారి, అక్కణ్ణుంచి వైపర్ల మీదికి పోయింది.

విచారణ ఒక ప్రభుత్వ గెస్ట్‌హౌస్ హాల్లో జరిగింది. ఇందుమతి రెండు కట్టలు తయారుచేసుకుని వెళ్ళింది. ఒకటి, కమిటీ అడిగిన బీమ్ చూపులు. రెండోది, ఖాళీ వరసలు, వాటి గీతలు. ఏది ఇస్తుందో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఆవిడకి తెలియదు. మెట్లెక్కేటప్పుడు రెండూ ఇచ్చేద్దామనుకుంది. అలా అనుకున్నాక ఊపిరి తేలికగా ఆడింది కూడా.

లోపల గౌరీప్రియ తండ్రి పక్కన కూర్చుని ఉంది. ఆయన భుజం మీద ఉతికిన తువ్వాలు, చేతిలో కూతురి సర్టిఫికెట్ల సంచి. ఎవరైనా అడుగుతారేమో అన్నట్టు పట్టుకున్నాడు. ఇందుమతిని చూసి గౌరి కొంచెం నవ్వింది. అవతలి వరసలో జోగారావు. ఆయన వెనక కంపెనీ లాయర్లు.

కమిటీ పెద్దాయన నెమ్మదస్తుడు. మొదటి కట్ట తీసుకుని తిరగేశాడు.

"ఈ బీమ్‌ని చూసినవాళ్ళందరి రికార్డులూ ఇందులో ఉన్నాయామ్మా?"

"ఉన్నాయండి."

"జోగారావుగారిది ఒక్కటీ కనపడదే?"

"ఆయన..." ఒళ్ళో సంచి సర్దుకుంది. "ఆయన బీమ్‌ని చూసిన రికార్డు లేదండి."

ప్రతి అక్షరమూ నిజమే. పెద్దాయన కళ్ళజోడు తీసి, ఆవిడ వైపు చూశాడు. ఆయనకేదో తోచినట్టుంది.

"ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా? మేం అడగకపోయినా, మీకు తెలిసినదేమైనా?"

కిటికీ పూర్తిగా తెరిచి అడిగాడు. రెండో కట్ట సంచిలో మోకాళ్ళ మీదే ఉంది. గౌరి ముందుకు వంగింది. అవతల జోగారావు కళ్ళు ఫ్యాన్లు, పరదాలు, బల్బులు అన్నిటి మీదా గిరగిరా తిరుగుతున్నాయి. ఇందుమతికి లాస్య పొద్దున్న అడిగింది గుర్తొచ్చింది, సాయంత్రం నాన్నని కూడా స్కూలు డ్రామాకి తీసుకొస్తావా అని.

బల్ల మీద ప్లాస్టిక్ పూల గుత్తి ఉంది. దుమ్ము పట్టిన గులాబీలు. ఇందుమతి చూపు వెళ్ళి దాని మీద ఆగింది. హాయిగా ఉంది. అక్కడ ఎంతసేపైనా ఉండొచ్చనిపించింది.

"మీరడిగింది అంతేనండి," అంది గులాబీలతో.

హాల్లో ఎవరో దగ్గారు.

"అక్కా," అంది గౌరీప్రియ. గట్టిగా కాదు. బూర్ల చట్టి దగ్గర పిలిచినట్టే పిలిచింది.

ఇందుమతి పూలని చూస్తూనే ఉంది.

గౌరీప్రియ అరెస్టు సంగతి పేపర్లో లోపలి పేజీలో వచ్చింది. లోపం తెలిసీ దాచిన ఇంజనీరు అని రాశారు. జోగారావుకిచ్చిన నోటీసు వెనక్కి తీసుకుని, భోగాపురం వైపు కొత్త టవర్ అప్పగించారు. ఇకముందు చిన్న కట్టడాల్లో కూడా అద్దాలు తప్పనిసరి చెయ్యాలని కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుదాస్ ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాడు.

ఆ రోజు ఇందుమతి, ఏ రికార్డు ఎవరు తీశారో చూపించే పట్టిక తెరిచి తన పేరు వెతుక్కుంది. బీమ్ చూపులు తీసినట్టు ఉంది. ఖాళీ వరసలు తీసినట్టు ఎక్కడా లేదు. ఆవిడేమీ చూడలేదు.

మంగళవారం వరహాలమ్మ కొడుకునీ కోడల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని ముమ్మారు తిప్పింది.

"ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో మన కొంప మీద. అప్పన్న దయ, ఒడ్డెక్కీసాం. కోడలా, నువ్వు కదలకు. నీ చలవే ఇది, నాకు తెల్దేటి!"

మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు వచ్చింది. ఘాటు రాలేదంటే దిష్టి చాలా ఉన్నట్టని ఆవిడ నమ్మకం. వచ్చినందుకు కాస్త నిరుత్సాహపడి, డిక్కీలో మిగిలిపోయిన బొమ్మ ఒకటి తెప్పించి, బాల్కనీలో ఉతికిన బట్టల తీగకి కట్టింది. జోగారావు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కాఫీ తాగాడు.

మర్నాడు పొద్దున్న ఇందుమతి అదే బాల్కనీలో పీట వేసుకుని లాస్యకి జడ వేస్తోంది.

"అమ్మా, గౌరి అక్క మళ్ళీ నా పుట్టినరోజుకి వస్తుందా?"

"కదలకు."

"వస్తుందా?"

"రిబ్బన్ ఇటివ్వు."

రిబ్బన్ ఇస్తూ లాస్య మెడ వెనక్కి తిప్పి తల్లి ముఖంలోకి చూడబోయింది. ఇందుమతి రెండు వేళ్ళతో ఆ చిన్న గడ్డం పట్టుకుని, తలని మళ్ళీ ముందుకి, బొమ్మ వైపుకి తిప్పింది.

"తిన్నగా అటు చూడు. పాపిడి వంకర పోతుంది."